నలభై ఒక్క వేల ఇళ్ళకు ఒక్క ఇల్లు

మీటరు మావయ్య చదివింది ఐదో తరగతి. ఒకే గది, ఒకే పంతులు, వాన పడితే సెలవు అనే పద్ధతిలో నడిచే పల్లెటూరి బడి అది. అక్కడి నుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి రెండే రెండు: ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రావడం, ముత్యాల్లాంటి అంకెలు రాయడం. ఆ రెండింటితోనే కరెంటు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు మీటరు రీడరుగా చేసి, ఒక్క మెమో కూడా అందుకోకుండా రిటైరయ్యాడు. పెద్ద చదువులు చదివి ఏడాదికి మూడు మెమోలు అందుకున్నవాళ్ళు అదే ఆఫీసులో చాలామంది ఉన్నారు. వాళ్ళ ఊసు ఇక్కడ అనవసరం.

ఆయన సాధించినవి ఒకటా రెండా? ఊళ్ళో ఉన్న నలభై ఒక్క వేల మీటర్లనూ కళ్ళారా చూసిన మనిషి ఆయన ఒక్కడే. పదకొండు కుక్కలు కరిచాయి. ఏ కుక్క ఏ వీధిదో, ఏ కాలు పట్టుకుందో ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలడు. రిజిస్టరులో 'తాళం వేసి ఉంది' అని ఒక్కసారి కూడా రాయలేదు. తాళం ఉంటే గోడెక్కేవాడు. ఒకసారి దొంగనుకుని స్తంభానికి కట్టేస్తే, కట్టిన చోటి నుంచే మెడ సాచి మీటరు చూసి అంకె చెప్పాడు. కట్టినవాళ్ళే రిజిస్టరులో రాసిపెట్టారు.

చివరి రోజుల్లో కొత్త మీటర్లు వచ్చాయి. అవి తమ అంకెల్ని తామే ఆఫీసుకు పంపుకుంటాయి, మనిషి వెళ్ళక్కర్లేదు. అయితే వాటికి ముందువైపు ఒక చిన్న ఎర్రదీపం ఉంటుంది. ఇంట్లో ఎంత కరెంటు లాగుతుంటే అది అంత తొందరగా మిణుకుతుంది. ఆ మిణుకుల్ని లెక్కపెట్టి, కాగితం కలం లేకుండా, ఆ ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో చెప్పడం మావయ్య తనంతట తాను నేర్చుకున్న విద్య. నేర్చుకున్న నెలలోనే రిటైరయ్యాడు. ఆ విద్య ఎవరికీ అక్కర్లేకుండా ఆయనలోనే ఉండిపోయింది.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట రాజయోగం పట్టింది.

ఆ ఊరికి కరెంటు నాలుగు చోట్ల నుంచి వస్తుంది. బయటి నుంచి వచ్చే పెద్ద లైను ఒకటి, ఊరి చివర సౌర పలకల మైదానం ఒకటి, గుట్ట మీద గాలిమరలు. నాలుగోది బ్యాటరీ యార్డు. రైలు పెట్టెల్లాంటి ఇరవై ఇనప పెట్టెలు వరుసగా ఉంటాయక్కడ. పగలు ఎండ దండిగా ఉంటే అందులో దాచుకోవాలి, సాయంత్రం ఊరు లైట్లు వేసుకునేసరికి తీసి వాడుకోవాలి. ఎండ చెప్పి రాదు, గాలి చెప్పి పోదు. కనీసం ఊరు ఏ గంటకు ఎంత వాడుతుందో తెలిస్తే తప్ప ఎంత దాచాలో, ఎప్పుడు తీయాలో తేలదు. ఆ లెక్కలు కట్టే గదిలో ఒక ఇంజనీరమ్మ కూర్చుంటుంది. నలభై ఒక్క వేల మీటర్ల అంకెలు కూడేసరికి ఆమె కంప్యూటరుకు నలభై నిమిషాలు పట్టేది. ఆ నలభై నిమిషాల్లో రెండు మబ్బులు వచ్చి పోయేవి.

ఒక రోజు ఆమె ఏడాది అంకెల్ని తిరగేస్తుంటే ఒక విచిత్రం కనిపించింది. ఒకానొక ఇంటి వాడకం గీత, ఊరి మొత్తాన్ని ఇళ్ళ లెక్కన భాగించగా వచ్చిన గీత, ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కుపోయాయి. పొద్దున్న ఏడింటికి అదే ఎత్తు, మధ్యాహ్నం మూడింటికి అదే పల్లం, సాయంత్రం అదే గుట్ట. ఆ ఇల్లు మీటరు మావయ్యది.

ఆమె దాన్ని తన పైఅధికారికి ఒక వింతగా మాత్రమే చూపించింది. పెద్ద ఇంజనీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదమ్మా? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడు మెతుకులూ నలుపుతామా? ఒక్క మెతుకు చాలు! ఈయన మీటరు ఒక్కటి చూడు, నలభై ఒక్క వేలతో గుణించు, అయిపోయింది."

"సార్, ఆయన ఊరిలా ఉన్నాడు, అంతే. రేపు కూడా అలాగే ఉంటాడని..."

"ఉండమని ఉత్తరం రాద్దాం," అన్నాడు పెద్ద ఇంజనీరు.

రాశాడు. 'తమ గృహము ఈ ఊరి విద్యుత్ వినియోగమునకు ప్రామాణిక గృహముగా గుర్తించడమైనది. కావున తాము ఇప్పుడున్నట్లుగానే ఉండవలసినదిగానూ, ఎట్టి మార్పూ చెందరాదనియూ కోరడమైనది.' కింద గుండ్రటి ముద్ర, పచ్చ సిరాతో సంతకం. మావయ్య దానికి అద్దం కట్టించి ముందుగదిలో టీవీకి పైన తగిలించాడు. పెద్ద ఇంజనీరు గదిలో గుమ్మమంత స్క్రీను మీద ఇరవై నాలుగు గంటలూ కదిలే ఎర్రగీత తన ఇంటిదేనని తెలిసిన రోజున ఆయనకు భోజనం సయించలేదు. ఇంటి కరెంటుతో ఊరిని కొలవడం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరి తాత తరమూ కాలేదు మరి.

ఆయన దాన్ని ఆషామాషీగా తీసుకోలేదు. మారొద్దని కదా ఉత్తరం! ఆఫీసుకు పోయి, కిందటేడు తన ఇల్లు ఏ రోజు ఏ గంటకు ఎన్ని వాట్లు వాడిందో మొత్తం ఒక పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడు. ఆ అంకెలు చూస్తే అచ్చు వేసినట్టున్నాయి. ఇక ఆ పుస్తకమే ఆయనకు గడియారం. కిందటేడు ఆ గంటకు ఎనిమిది వందల వాట్లుంటే ఇప్పుడూ ఎనిమిది వందలే ఉండాలి. బయటికి పోయి మీటరు ముందు నిలబడి మిణుకులు లెక్కపెట్టేవాడు. ఎనిమిది వందలంటే నిమిషానికి నలభై మూడు. తక్కువైతే లోపలికి కేకేసేవాడు.

"ఇదిగో! ఆ టీవీ పెట్టు!"

"ఎవరు చూస్తారండీ ఇప్పుడు?"

"ఎవరూ చూడక్కర్లేదు. పెట్టు!"

ఆవిడ ఆయన భార్య. ఊరందరికీ అత్తయ్య. మధ్యాహ్నం మూడింటికి మిక్సీ వేయబోతే ఈయన పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. "కిందటేడు ఈ రోజు మూడింటికి నువ్వు నిద్రపోతున్నావు. పోయి పడుకో!"

ఆవిడ మిక్సీ మూత మీద చెయ్యి తీయకుండానే చూసేది. "కిందటేడు మీకు మోకాలు నొప్పి కూడా ఉండేది. తెప్పించమంటారా?"

కానీ మావయ్య గౌరవం ఊరంతా పాకింది. పక్కింటి టైలరు గోడ మీంచి తొంగి చూసి, "మావయ్యా, రేపు మీరు ఇస్త్రీ చేస్తారా? చేసేటట్టయితే నేనూ రేపే పెట్టుకుంటా. మీరు చేస్తుంటే ఎలాగూ కరెంటు పోదు కదా!" అని అడిగేవాడు. మావయ్య పుస్తకం చూసి, "రేపు లేదు, ఎల్లుండి పొద్దున్న తొమ్మిది నుంచి పదిన్నర," అని ముహూర్తం చెప్పినట్టు చెప్పేవాడు.

ఒకసారి ఆయనకు రెండు రోజులు జ్వరం వచ్చింది. దీపం కంటికి గుచ్చుతోందని గది చీకటి చేసుకుని పడుకున్నాడు. స్క్రీను మీద నలభై ఒక్క వేల ఇళ్ళు దీపాలార్పి పడుకున్నాయి. పెద్ద ఇంజనీరు హడలిపోయి ఫోను చేశాడు. "మావయ్యగారూ, ఊరికేమైంది?"

"నూట రెండు," అన్నాడు మావయ్య దుప్పట్లోంచి.

ఆ రెండు రోజులూ ఊరు తన మానాన తాను లైట్లు వేసుకుంది, ఫ్యాన్లు తిప్పుకుంది. ఆ కరెంటు పెద్ద లైను నుంచి వచ్చింది. స్క్రీను చెప్పిందానికి, నిజంగా వాడిందానికి ఉన్న తేడాని 'ఇతర నష్టాలు' అనే గడిలో వేశారు. ఆ గడి చాలా లోతైనది. అందులో ఏం వేసినా చప్పుడు రాదు.

గాలి పడిపోయిన సాయంత్రాల్లో పెద్ద ఇంజనీరే ఫోను చేసి, "మావయ్యగారూ, ఒక్క ఫ్యాను ఆపండి," అనేవాడు. మావయ్య ఆపేవాడు. స్క్రీను మీద ఊరి వాడకం రెండున్నర మెగావాట్లు తగ్గేది. ఆ గదిలో చప్పట్లు ఫోనులో వినిపించేవి. ఇంజనీరమ్మ మాత్రం చప్పట్లు కొట్టేది కాదు.

ఈ సంగతి విన్న అత్తయ్య ఒకే మాట అంది. "మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది, నిజమే. మెతుకుని చల్లార్చితే గిన్నె చల్లారుతుందా?"

"నీకు తెలియదులే. ఇది పెద్ద లెక్క," అన్నాడు మావయ్య.

ఇలా మూడు నెలలు నడిచింది. తర్వాత అత్తయ్య అరవై గుడ్లు తెచ్చింది.

గుడ్లతో పాటు ఒక చెక్కపెట్టె కూడా తెచ్చింది. లోపల రెండు అరవై వాట్ల బల్బులు, ఒక నీళ్ళ పళ్ళెం, వేడి సరిపోగానే బల్బుల్ని ఆర్పి, తగ్గగానే వెలిగించే చిన్న మీట. కోడి అక్కర్లేకుండా ఇరవై ఒక్క రోజుల్లో గుడ్లు పొదిగి పిల్లల్ని చేసే పెట్టె అది. ప్రతి గుడ్డుకూ ఒక పక్క పెన్సిలుతో సున్నా, రెండో పక్క అడ్డగీత గీసింది, రోజుకు మూడుసార్లు తిప్పేటప్పుడు ఏ పక్క అయిందో తెలియాలని. మావయ్య పొద్దున్న నడక నుంచి వచ్చేసరికి పెట్టె వెలుగుతోంది, ఫోను మోగుతోంది.

"మావయ్యగారూ! ఊళ్ళో కొత్తగా ఐదు మెగావాట్లు పుట్టుకొచ్చాయి! ఏమిటవి?"

మావయ్య పెట్టె వైపు చూశాడు. "గుడ్లండీ."

"ఎన్ని?"

"అరవై."

"ఇంటికి అరవై!" అన్నాడు పెద్ద ఇంజనీరు నీరసంగా.

అంతటితో ఆగలేదు. పెట్టెలో బల్బులు నాలుగు నిమిషాలు వెలిగి నాలుగు నిమిషాలు ఆరుతాయి. స్క్రీను మీద నలభై ఒక్క వేల పెట్టెలు ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరాయి. ఆ స్క్రీను చెప్పినట్టల్లా బ్యాటరీ యార్డు నాలుగు నిమిషాలు కరెంటు కక్కి నాలుగు నిమిషాలు మింగింది. యార్డు సూపర్‌వైజరు మధ్యాహ్నానికల్లా ఫోను చేశాడు. "సార్, బ్యాటరీకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇలాగైతే పది రోజులు కూడా ఉండదు."

సాయంత్రం పెద్ద ఇంజనీరు, ఇంజనీరమ్మ ఇంటికొచ్చారు. పెద్ద ఇంజనీరు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి తన ఉపాయం చెప్పాడు. "నలభై ఒక్క వేల పెట్టెలు చేయించి ఇంటికొకటి పంచుదాం. అప్పుడు మావయ్యగారు మళ్ళీ అందరిలాంటివారైపోతారు."

"గుడ్లు సార్?" అంది ఇంజనీరమ్మ.

"గుడ్లు వాళ్ళే తెచ్చుకుంటారమ్మా. అన్నీ మనమే చేస్తామా?"

"అదెందుకు గానీ," అన్నాడు మావయ్య భార్య వైపు తిరిగి, "పెట్టె ఆపెయ్యి. ఊరి సంగతి ఇది."

అత్తయ్య అప్పటిదాకా గుడ్లు తిప్పుతూనే ఉంది. చివరి గుడ్డు తిప్పి, మూత వేసి, అప్పుడు లేచింది.

"ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ మీటర్ల వేళకి వండాను. మూడు నెలలుగా మీ పుస్తకం వేళకి నిద్రపోతున్నాను. నాకంటూ ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చూసింది ఇప్పటివరకూ లేదు. ఇదొక్కటి చూస్తాను. ఇరవై ఒక్క రోజులు. ఊరి సంగతి చూడ్డానికి మీరింతమంది ఉన్నారు. వీటికి నేను తప్ప ఎవరున్నారు?"

ఇంజనీరమ్మ వంగి పెట్టె అద్దంలోంచి చూసి, "ఎంత చక్కగా పేర్చారత్తయ్యా!" అంది. పెద్ద ఇంజనీరు ఆమె వైపు కోపంగా చూశాడు.

ఆ రాజయోగం వదులుకోవడం మావయ్య వల్ల కాలేదు. భార్యతో పోట్లాడటమూ ఆయన వల్ల కాలేదు. తెల్లవారేసరికి ఒక దారి కనిపెట్టాడు. పెట్టెలో బల్బులు రెండూ కలిపి నూట ఇరవై వాట్లు. ఇంట్లో అరవై వాట్ల ఫ్యాన్లు రెండున్నాయి. బల్బులు వెలగగానే ఫ్యాన్లు రెండూ ఆపెయ్యాలి, బల్బులు ఆరగానే ఫ్యాన్లు రెండూ వెయ్యాలి. గుడ్లకు గుడ్లు, ఊరికి ఊరు!

పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, రెండు స్విచ్చుల మీద రెండు వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. నాలుగు నిమిషాలకోసారి టక్కుటక్కు. ఆయన భోజనానికి లేస్తే అత్తయ్య కూర్చునేది. ఆవిడ పడుకుంటే ఆయన. యార్డు నుంచి కబురొచ్చింది, ఎక్కిళ్ళు ఆగాయని. పెద్ద ఇంజనీరు ఫోనులో ఉప్పొంగిపోయాడు. "ఈ ఊళ్ళో అసలైన బ్యాటరీ మీరేనండీ మావయ్యగారూ!" ఆ మాట మావయ్య ఆ రోజు టైలరుకు నాలుగుసార్లు చెప్పాడు, ఐదోసారి టైలరే మావయ్యకు చెప్పాడు.

అలా పంతొమ్మిది రోజులు. వేళ్ళకు కాయలు కాశాయి. స్విచ్చు లేకపోయినా, నాలుగు నిమిషాలకోసారి నడకలోనూ వేళ్ళు వాటంతటవే కదిలేవి. కాళ్ళ దగ్గర పెట్టెలో అరవై గుడ్లు బరువెక్కుతున్నాయి. పద్దెనిమిదో రోజు తర్వాత ఇక తిప్పకూడదని అత్తయ్య చెప్పింది. ఆ రోజే మూడు రోజుల ముసురు మొదలైంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆకాశం బూడిద పులిమినట్టుంది. సౌర మైదానం పడుకుంది. గాలిమరలు ఎండిన పువ్వుల్లా నిలబడ్డాయి. మావయ్య దుప్పటి కప్పుకుని, వణుకుతూ, నాలుగు నిమిషాలకోసారి ఫ్యాన్లు వేస్తున్నాడు. కిందటేడు ఆ రోజు మండే ఎండ. పుస్తకం ప్రకారం ఎనిమిది వందల వాట్లు ఉండి తీరాలి. అందుకని ఎవరూ చూడని టీవీ, ఖాళీ గదుల్లో లైట్లు, అన్నీ వెలుగుతున్నాయి.

"ఏమండీ!" అంది అత్తయ్య పెట్టె మీదికి వంగి, గొంతు తగ్గించి. "ఒకటి చిట్లింది. ముక్కు కనిపిస్తోంది."

అప్పుడే ఫోను మోగింది.

"మావయ్యగారూ, ఊరు ముప్పై మూడు మెగావాట్లు లాగుతోంది," అన్నాడు పెద్ద ఇంజనీరు. "పెద్ద లైను ఇరవై ఇస్తుంది. ఎండ రెండు. గాలి సున్నా. బ్యాటరీ మూడు రోజులుగా ఇచ్చీ ఇచ్చీ అడుగంటింది, ఐదుకి మించి రాదు. ఇంకా ఆరు తక్కువ. మీరు మెయిన్ స్విచ్చు ఒక్క గంట ఆపెయ్యండి. ఊరు ఒక్క గంట ఆగిందంటే బ్యాటరీ తేరుకుంటుంది."

"పెట్టె ఆగిపోతుందండీ. పిల్లలు బయటికొస్తున్నాయి."

"అయితే పదకొండింటికి నేనే ఊరికి కరెంటు తీసెయ్యాలి. మీ వీధి కూడా అందులోనే ఉంది. ఎలాగూ పెట్టె ఆగేదే. మీరు ఆపితే పేరన్నా మిగులుతుంది."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మావయ్య ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎదురింటి వాకిట్లో ముసలాయన తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. టైలరు కిటికీలోంచి ఫ్యాను కనబడుతోంది, రెక్కలు కదలడం లేదు. ఆ పక్కింట్లోనూ అంతే. వీధిలో ఒక్క ఫ్యాను తిరగడం లేదు. తన ఇంట్లో తప్ప.

ఆయన కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి. ముప్పై నాలుగేళ్ళు నడిచిన నడక అది. ఒక మీటరు ముందు ఆగి మిణుకులు లెక్కపెట్టాడు. నిమిషానికి ఇరవై ఆరు. పక్కింటికి పోయాడు. ముప్పై ఒకటి. ఆ పక్కది తాళం వేసి ఉంది. గోడ మీద చేతులాన్చి మెడ సాచి చూశాడు. నాలుగు. తర్వాతది ముప్పై ఏడు. దుప్పటి కప్పుకుని ఇంటింటికీ తిరుగుతుంటే టైలరు బయటికొచ్చాడు.

"ఏంటి మావయ్యా, మళ్ళీ ఉద్యోగంలో చేరారా?"

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది."

ముప్పై ఇళ్ళు చూసేసరికి పదిన్నర. నోటిలెక్కతోనే కూడాడు, భాగించాడు. నిమిషానికి ఇరవై తొమ్మిది. తన ఇంట్లో నలభై మూడు. అంటే ఊరు ముప్పై మూడు మెగావాట్లు లాగడం లేదు. ఇరవై రెండు చాలు. కొరత అన్నదే లేదు. ఈ మూడు రోజులూ బ్యాటరీ ఖాళీ అయ్యింది ఊరికోసం కాదు, దుప్పటి కప్పుకుని ఫ్యాను కింద కూర్చున్న తన కోసం. మిగిలిన కరెంటంతా పెద్ద లైను వెంట పొరుగూళ్ళకు పోయి ఉంటుంది.

ఇంజనీరమ్మకు ఫోను చేశాడు. "అమ్మా, ఊరు చల్లగా ఉంది. ఫ్యాన్లు లేవు. ఇరవై రెండు మెగావాట్లే. నేను నడిచి చూశాను."

"నాకు తెలుసు మావయ్యగారూ. మూడు నెలలుగా చెబుతున్నాను, ఆయన స్క్రీను తప్ప ఏదీ నమ్మరు. మొత్తం మీటర్లు కూడాలంటే నలభై నిమిషాలు కావాలి. పదకొండు కొట్టగానే తీసేస్తానంటున్నారు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలే."

"నా మాట చెప్పు."

"చెప్పాను. 'ఆయన మాట ఆయన మీటరే చెబుతోంది' అన్నారు."

మావయ్య ఇంట్లోకి వచ్చాడు. టీవీకి పైన ఉత్తరం, గుండ్రటి ముద్ర, పచ్చ సంతకం. లోపల్నుంచి అత్తయ్య, "ఇంకో రెండు చిట్లాయండీ! గాలి తగలకుండా తలుపు వెయ్యండి," అంది. ఆవిడకు ఇంకా ఏమీ తెలియదు. ఆ గొంతులో ఉన్న సంబరం ఆయన ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎన్నడూ విని ఎరగడు.

పుస్తకం తీసి, మూసి, బీరువా మీద పెట్టాడు. గీజరు వేశాడు. నీళ్ళ మోటారు వేశాడు. ఇస్త్రీ పెట్టె వేశాడు. మిక్సీ ఖాళీ గిన్నెతోనే తిప్పాడు. ఇల్లంతా మిల్లులా మోగింది. ఇంజనీరమ్మ లైనులో ఉన్న ఫోను మాత్రం పెట్టెయ్యకుండా బల్ల మీద తెరిచే ఉంచాడు.

ఫోనులో ముందు ఒక కుర్చీ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత పెద్ద ఇంజనీరు గొంతు.

"రెండు వందల ఏడు! రెండు వందల ఏడు మెగావాట్లు! గీత స్క్రీను దాటి గోడ మీదికి పోయింది! తీసెయ్యండి, ఊరంతా తీసెయ్యండి!"

"సార్, ఒక్క మాట," అంది ఇంజనీరమ్మ. "మన ఊరి తీగలు అరవై దాటితే తట్టుకోవు. రెండు వందల ఏడు నిజమైతే ఈపాటికి అవి కరిగి కారిపోయి ఉండాలి."

"మరి ఎందుకు కరగలేదు? విచారణ వెయ్యండి!"

"పైకి చూడండి సార్."

"ఏముంది?"

"ట్యూబులైటు. కనీసం రెప్ప వాల్చలేదు."

ఫోనులో చెప్పుల చప్పుడు నాలుగడుగులు నడిచి ఆగింది. పెద్ద ఇంజనీరు ట్యూబులైటును చూస్తున్నాడన్నమాట. చివరికి మెల్లగా, "ఊరు అంత లాగుతుంటే ఇది వెలగదు కదా," అన్నాడు.

"వెలగదు సార్."

"ఇది వెలుగుతోంది."

"అవును సార్."

"అయితే మెతుకులన్నీ నలపండి," అన్నాడాయన.

నలభై నిమిషాలు. పదకొండు దాటింది, కరెంటు పోలేదు. గీత మళ్ళీ కిందికి దిగితే పెద్ద ఇంజనీరుకు మళ్ళీ స్క్రీను మీద నమ్మకం పుడుతుందేమోనని మావయ్యకు భయం. అందుకని ఏదీ ఆపలేదు. ఇస్త్రీ పెట్టె ఊరికే ఉంచడం ఇష్టంలేక చొక్కాలు, దుప్పట్లు, చివరికి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా ఇస్త్రీ చేశాడు. పైన ట్యాంకు నిండి నీళ్ళు మెట్ల మీంచి జారాయి. పదో నిమిషంలోనే మిక్సీలోంచి మాడువాసన వచ్చి ఆగిపోయింది. స్క్రీను మీద ఇరవై మెగావాట్లు చచ్చిపోయాయి.

"ఏమండీ, ఏమిటీ గోల? పిల్లలు బెదురుతాయి!" అని అరిచింది అత్తయ్య.

"ఊరిని దించుతున్నానే!"

"ఎక్కడి నుంచి?"

"నా మీంచి."

పదకొండు ఇరవైకి ఫోనులో ఇంజనీరమ్మ గొంతు వచ్చింది. "మావయ్యగారూ, ఇరవై రెండు మెగావాట్ల మూడు వందల కిలోవాట్లు. మీ కాలినడక లెక్కకి, నా లెక్కకి తేడా ఇంతే. ఇక అన్నీ ఆపెయ్యండి."

ఒక్కొక్కటే ఆపాడు. ఫ్యాన్లు కూడా ఆపాడు. పెట్టెలో బల్బులు వెలిగి ఆరాయి, ఆరి వెలిగాయి. ఆయన వేళ్ళు ఒళ్ళోనే టక్కుటక్కుమన్నాయి గానీ స్విచ్చు దాకా పోలేదు.

నాలుగో రోజున రెండో ఉత్తరం వచ్చింది. 'తమ గృహము ప్రామాణికముగా లేనందున గుర్తింపు ఉపసంహరించుకోవడమైనది.' మావయ్య మొదటిదాన్ని తీసి దీన్ని ఆ అద్దంలో పెట్టాడు. ముద్ర దీని మీద ఇంకా స్పష్టంగా పడింది. ఊళ్ళో ఒకే మనిషికి ఇచ్చి, ఒకే మనిషి దగ్గర వెనక్కి తీసుకున్న గౌరవం అది. ఇంకెవరికన్నా ఉందా?

అయితే అసలు సంగతి ఆ ముసురు రోజు సాయంత్రానిది. పెట్టెలో తడిసిన దూది ముద్దల్లాంటివి ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. అత్తయ్య వాటిని ఒక్కొక్కటే తీసి బుట్టలోకి చేరుస్తోంది. మావయ్య పక్కన చతికిలబడి లెక్కపెడుతున్నాడు. ఫోను మోగింది. పెద్ద ఇంజనీరు. గొంతు మెత్తగా ఉంది.

"మావయ్యగారూ, జరిగిందేదో జరిగింది. ఊరికే కనుక్కుందామని చేశాను. ఎన్ని పిల్లలు?"

"నలభై ఏడండీ, ఇప్పటికి."

అవతల కాలిక్యులేటరు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"గుణించకండి సార్," అన్నాడు మావయ్య.

మీటల చప్పుడు ఆగింది. మావయ్య ఫోను పెట్టేసి గబగబా పెట్టె వైపు తిరిగాడు. అత్తయ్య నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో పిలుస్తోంది. ఒక మూల, అడ్డగీత పైకి ఉన్న గుడ్డొకటి ఇంకా కదులుతోంది.